అరువు వయసు

"రానంటే రానన్నాడు బాబాయి!"

టార్పాలిన్ పరదా పక్కకి నెట్టి లోపలికి అడుగు పెడుతూనే అనేశాడు ఖాంగ్. వాళ్ళమ్మ ఎదురుగా కూచుని ఉందనైనా చూసుకోలేదు. అతని నోట్లో నువ్వుగింజ నానదు, ఎప్పుడూ అంతే.

అతని భార్య దియెప్ చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. కొత్త ఇల్లు లేచేదాకా వేసిన షెడ్డులో పాత ఇంటి తలుపొకటి గోడకి ఆనించి, దానిమీద పెద్ద కాగితం అంటించుకుందామె. పునాది నుంచి గృహప్రవేశం దాకా ఏ పని ఎప్పుడు, ఎవరు, దేని తర్వాత ఏది అని దాన్నిండా రంగుల గీతలు. డోంగ్‌హోయ్‌లో వంతెనలు కట్టే కంపెనీలో ఆమె ఉద్యోగమే అది. పని కుదురుతుందా, ఎప్పటికి కుదురుతుంది, కుదరకపోతే ఎక్కడ బెడిసికొడుతుంది అని ముందే లెక్కగట్టి చెప్పాలి. ఊళ్ళో వంతెనలన్నీ కుదిరాయి. ఇంట్లో ఒక్క స్లాబు కుదరకుండా కూచుంది.

"రేపు పొద్దున ముహూర్తం పెట్టుకుని ఇప్పుడు రాననడమేంటి? ఒంట్లో బాగాలేదా?" అంది.

"గుండ్రాయిలా ఉన్నాడు. పడవ ఇంజను విప్పుకుని కూచున్నాడు. 'మీ అమ్మకి చెప్పరా, నేను రాలేను' అన్నాడు. ఎందుకు బాబాయ్ అంటే ఆ నట్టుకేసి చూస్తాడే గానీ నాకేసి చూడడు."

పరదా దగ్గర గొంతుక్కూచుని పచ్చి తేయాకు నీళ్ళు తాగుతున్న లోయి మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు.

"అయితే నా కూలీలకి ఏం చెప్పమంటారమ్మా? రేపు మంచిరోజని ఏటికి ఈ పక్కా ఆ పక్కా అందరూ స్లాబులే పెట్టుకున్నారు. మిక్సరు దొరకబుచ్చుకోడానికి నేను పడ్డ పాట్లు ఆ దేవుడికే తెలుసు. రేపు వదిలితే మళ్ళీ దొరకదు."

దొరికినా లాభం లేదు. ఎల్లుండితో నెల మారిపోతుంది. వచ్చేది ఏడో నెల, ఆకలిగొన్న ప్రేతాలు తిరిగే నెల. ఆ నెలలో గోడకి మేకు కొట్టడానికి కూడా అత్తయ్య ఒప్పుకోదు. ఆ నెల దాటితే వానలు. వానల వెనకే కియెన్‌జాంగ్ ఏరు చెప్పాపెట్టకుండా ఇంట్లోకి వచ్చేస్తుంది.

మొన్నటి పెద్ద వరదలో అలాగే వచ్చింది. మామయ్య, అత్తయ్య పెంకులు ఊడదీసి ఇంటికప్పు మీదికెక్కి కూచున్నారు. రాత్రంతా వాన. పడవ వచ్చేసరికి అత్తయ్య ఒళ్ళో మామయ్య చల్లబడిపోయి ఉన్నాడు. అందుకే ఈ ఇల్లు. కింద గది మునిగినా సరే, పైన గట్టి స్లాబొకటి, దానిమీద ఒక్క గది. ఈసారి నీళ్ళొచ్చేలోపు అత్తయ్యని నీటికి పైన కూచోబెట్టాలి. దియెప్‌కి కావలసింది అంతే.

అయితే ఇంటి యజమాని ఖాంగ్‌కి ఈ ఏడు వయసు మంచిది కాదు. వయసు మంచిది కానివాడు ఇల్లు మొదలుపెడితే ఇంట్లో మనిషికి ముప్పు. అలాంటప్పుడు వాళ్ళ దేశంలో వయసు అరువు తెచ్చుకుంటారు. మంచి వయసున్న చుట్టం ఒకడు యజమానిలా నిలబడి మొదటి గడ్డపార దెబ్బ వేస్తాడు. స్లాబు నాడు ధూపం వెలిగించి మొదటి బక్కెట్టు పోస్తాడు. అసలు యజమాని ఆ వేళకి కనుచూపు మేరలో ఉండకూడదు. ఇల్లు పూర్తయ్యాక ఆ చుట్టం ఉత్తుత్తి బేరం ఆడి ఇల్లు తిరిగిచ్చేస్తాడు. అందాకా ఆ మనిషి వయసు ఆ ఇంటిదే, మధ్యలో మనిషిని మారిస్తే చెల్లదు. పునాది నాడు నిలబడ్డది మామయ్య తమ్ముడు బాన్. రేపూ ఆయనే నిలబడాలి.

"నువ్వేమన్నా అన్నావా ఆయన్ని?" ఖాంగ్ భార్యకేసి అనుమానంగా చూశాడు.

"నేనేం అంటాను? ఆయన కనిపించి ఎన్నాళ్ళైందో!"

"నీ కాగితంలో ఆయన పేరు కూలీల పేర్ల కింద రాశావు. చూసి ఉంటాడు."

"పని వరసలో రాశాను. పేరంటం పిలుపులా రాయాలా?"

"వస్తాడు" అంది అత్తయ్య.

అంతవరకూ ఆవిడ మాట్లాడనే లేదు. రేపటి పూజకి తెచ్చిన పుంజు కాళ్ళు గడ్డితాడుతో కడుతోంది. తాడు ముడి లాగి, పుంజుని బుట్ట కింద పెట్టి, చేతులు దులుపుకుంది.

"వాడు నా చేతి ముద్ద తిని పెరిగినవాడు. నేను పిలిచాక రాకుండా ఎక్కడికి పోతాడు?"

ఆ మాటలో కోపం లేదు, కంగారు లేదు. కొడుకూ మేస్త్రీ కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. దియెప్ మాత్రం కాగితంకేసి చూసింది. స్లాబుకి గీసిన ఎర్రగీత పక్కన, చెరిపేసిన పాత ఎర్రగీత మరక ఇంకా పోలేదు. ముందు అనుకున్నది వేరే రోజు. ముహూర్తాలు పెట్టే ముసలాయన దగ్గరికి అత్తయ్య ఒక్కతే వెళ్ళొచ్చి, ఆ రోజు కాదు, ఈ రోజు అంది. అప్పుడు దియెప్ ఎందుకని అడగలేదు. ముహూర్తాల సంగతి తనకేం తెలుసు కనక?

సైకిలు తీసి ఏటిగట్టు పట్టింది.

*

బాన్ పడవ చెక్కలమీద కూచుని ఇంజనులో తలదూర్చి ఉన్నాడు. పెళ్ళీపెటాకులు లేని మనిషి. పడవ ఇంజన్లు బాగుచేసి బతుకుతాడు, పొద్దుటి గంజి మాత్రం వదిన చేతిదే తాగుతాడు.

"టీ తాగుతావా అమ్మా?"

"తాగడానికి రాలేదు చిన్నమామయ్యా."

"మీ అత్తయ్య పంపిందా?"

"లేదు. మీరొస్తారనే అంటోంది. పుంజుని కూడా కట్టేసింది."

బాన్ నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"మా మీద కోపమైతే తిట్టండి, పడతాం" అంది దియెప్. "కానీ రేపు తప్పితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఆ రాత్రి పడవేసుకుని మొదట వెళ్ళింది మీరే కదా."

"నేనే" అన్నాడు. స్పానర్ పక్కన పెట్టాడు. "రేపు ఆ వేళకి నేను ఇంకోచోట నిలబడాలమ్మా."

"ఎక్కడ?"

గడ్డంతో అవతలి ఒడ్డు చూపించాడు. వెదురు పొదల మధ్య చిన్న ఇల్లొకటి, గోడలు లేచి, పైన సెంట్రింగ్ చెక్కలు పరిచి, స్లాబు కోసం ఎదురుచూస్తోంది.

"చేప గంజి అమ్మే సిమ్ ఇల్లా?"

"ఆవిడదే. మగదిక్కు లేదు, ఉన్న ఒక్క కూతురూ సైగాన్‌లో బట్టల ఫ్యాక్టరీలో ఉంది. మొన్న వరదలో ఆ ఇల్లూ పోయింది. కొత్త సంవత్సరం టెట్ పండగ వెళ్ళగానే నా వయసు ఆవిడకిచ్చాను."

దియెప్ వేళ్ళమీద నెలలు లెక్కపెట్టుకుంది. టెట్ వెళ్ళగానే అంటే తమ పునాదికి చాలా ముందు.

"మరి మా పునాది నాడు మీరు..."

"అబద్ధంగా నిలబడ్డాను."

"చిన్నమామయ్యా!"

"తిట్టు, నీకు ఆ హక్కుంది. వదిన తమలపాకు చుట్టి, వక్క పెట్టి అడిగింది. మా అమ్మ పోయాక నా నోటికి ముద్ద పెట్టిన చెయ్యది. ఆ చేత్తో ఇస్తే నోట్లో వేసుకున్నాను. వక్క నోట్లో పడితే మాటిచ్చినట్టే, ఇంకేం చెప్పను? స్లాబుల రోజులు వేరువేరుగా పడతాయి, ఎలాగో గట్టెక్కుతాను అనుకున్నాను. చివరికి రెండూ ఒకేరోజు, ఒకే వేళ. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని."

దియెప్ అప్పటికే కిందకి వంగి పుల్ల తీసుకుంది. బురదలో ఒక గీత గీసింది, అది ఏరు. అటో చుక్క, ఇటో చుక్క.

"ఆగండాగండి. ముహూర్తం పొడుగ్గానే ఉందిగా. మొదలవ్వగానే మీరక్కడ ధూపం వెలిగించి బక్కెట్టు పోసేయండి. మీ పడవలోనే ఇటు వచ్చేయండి. ఇక్కడ పళ్ళెం సిద్ధంగా పెట్టిస్తాను, కూలీలు పైనే ఉంటారు. ముహూర్తం దాటకుండా రెండూ అయిపోతాయి. కుదురుతుంది చిన్నమామయ్యా! నిక్షేపంగా కుదురుతుంది!"

ఆమె మొహం వెలిగిపోయింది. ఇంతకంటే చిక్కుముళ్ళు ఎన్ని విప్పలేదు తను!

బాన్ ఆ గీతలకేసి జాలిగా చూశాడు.

"పడవకి కుదురుతుందమ్మా. గడియారానికీ కుదురుతుంది. వయసుకే కుదరదు. ఒక్క వయసు మీద రెండు కప్పులు లేస్తే రెండిళ్ళకీ కీడు. నువ్వు నమ్మవు, సరే. నేను నమ్ముతాను, వదిన నమ్ముతుంది, సిమ్ నమ్ముతుంది. రేపు ఏ ఇంట్లో ఎవరికన్నా కాలు బెణికినా నా వల్లే అనుకుంటూ చావాలి నేను. ఒకసారి అబద్ధంగా నిలబడి ఇప్పటిదాకా కంటినిండా నిద్రలేదు. మళ్ళీ నిలబడలేను. ముందు మాటిచ్చింది ఆవిడకి."

"ఇంతకీ ఆ సిమ్ గారు మీకు ఏమవుతారు?"

బాన్ స్పానర్ తీసుకుని, బిగిసే ఉన్న నట్టుని మళ్ళీ బిగించాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు.

"ఇంకా ఏమీ కాలేదు" అన్నాడు.

*

చెప్పాలా, దాచాలా? గట్టు పొడుగునా అదే ఆలోచన. దాస్తే రేపు పొద్దున బయటపడుతుంది. చెబితే పునాదే చెల్లదని అత్తయ్య మొత్తం కట్టడం ఆపించేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు ఊరికే అనలేదు.

అత్తయ్య షెడ్డు బయట నీళ్ళ తొట్టి దగ్గర కూచుని రేపటి నైవేద్యానికి జిగురు బియ్యం కడుగుతోంది. ఖాంగ్ పక్కన నిలబడి చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు.

"ఏమన్నాడు?" అంది తలెత్తకుండానే.

దియెప్ చెప్పేసింది. సిమ్ ఇల్లు, ముందిచ్చిన మాట, అబద్ధపు పునాది, అన్నీ. చెబుతున్నంతసేపూ బియ్యం కడిగే చప్పుడు ఆగలేదు. ఖాంగ్ చెంబు మాత్రం కింద పడింది.

"అంతేనా?" అంది అత్తయ్య.

"అంతేనా అంటారేమిటి అత్తయ్యా! మీకేమీ..."

అప్పుడు తట్టింది దియెప్‌కి. కాగితం మీద చెరిపేసిన గీత కళ్ళముందు కదిలింది.

"మీకు తెలుసు."

బియ్యం చప్పుడు ఆగింది.

"తెలుసే. వాడికి వక్క పెట్టిననాడే తెలుసు. ఈ ఏటిమీద ఎవరు ఎవరికి వయసిచ్చారో తెలియకుండా ఉంటుందా?"

"ముహూర్తం..."

"ముసలాయన రెండు రోజులూ మంచివే అన్నాడు. ఆ సిమ్ ఏ రోజు, ఏ వేళ రాయించుకుందో కనుక్కుని, నాకూ అదే రాయమన్నాను."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా! వంతెనలకి ముహూర్తాలు లెక్కగట్టే కోడలు, ఆ షెడ్డులో తనకంటే పెద్ద లెక్కలమనిషి బియ్యం కడుగుతోందని ఇన్నాళ్ళూ గమనించుకోలేదు.

"ఎందుకమ్మా?" ఖాంగ్ గొంతు పీలగా వచ్చింది.

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు ఏదో ఒకటి దిగాలి. అక్కడ్నించి దిగుతాడనుకున్నాను."

"దిగకపోతేనో?" దియెప్‌కి కోపం కట్టలు తెంచుకుంది. "రేపు స్లాబు పడకపోతేనో? వానలొస్తే ఆ చెక్కలు నానిపోతాయి, ఇనుము తుప్పుపడుతుంది, మీరు మళ్ళీ ఈ టార్పాలిన్ కింద! మామయ్యకి జరిగింది మీకు జరగకూడదనే కదా నేను ఇంత యాతన పడుతున్నది! మీ పంతానికి ఇల్లంతా ఒడ్డేశారా?"

"పంతం కాదే!"

అత్తయ్య అంత గట్టిగా అరవగా దియెప్ ఎప్పుడూ వినలేదు. బుట్ట కింద పుంజు రెక్కలు కొట్టుకుంది.

"మీరు వారానికోసారి వస్తారు, ఆదివారం సాయంత్రం పోతారు. మంచివాళ్ళే, కాదన్నానా? ఆ రాత్రి నీళ్ళలో నన్ను వెతుక్కుంటూ వచ్చింది వాడు. నా ఒళ్ళోంచి మీ మామయ్యని దించింది వాడు. ఇప్పటికీ వాన పడితే చాలు, గొడుగేసుకుని వచ్చి పరదా బయట దగ్గుతాడు, నేను లేచే ఉన్నానని తెలిసి. వాడు కూడా ఆ ఒడ్డుకి కాపరానికి పోతే, నీ స్లాబు మీద నేను ఒక్కదాన్నే కూచుని నీళ్ళు చూసుకోవాలా? చెప్పు! నీ కాగితంలో అది ఎక్కడ రాశావో చూపించు!"

దియెప్ షెడ్డులో కాగితంకేసి చూసింది. ఆ కాగితంలో సిమెంటు ఉంది, ఇసుక ఉంది, వాన పడితే ఏం చెయ్యాలో ఉంది. స్లాబు పడ్డాక దానిమీద అత్తయ్య పక్కన ఎవరు కూచుంటారన్నది లేదు.

అత్తయ్య మళ్ళీ బియ్యం కడగడం మొదలుపెట్టింది. అప్పటికే ఆ నీళ్ళు తేటగా వస్తున్నాయి.

ఆ పూట ఎవరూ సరిగా అన్నం తినలేదు.

*

తెల్లారింది. ముహూర్తం దగ్గరపడింది. యజమాని కనిపించకూడదు కనక ఖాంగ్‌ని సంత వెనక టీ కొట్టుకి తరిమేశారు. అక్కడ్నించి అతను ఊపిరి తిరగనివ్వకుండా ఫోన్లు. "మొదలైందా? బాబాయి వచ్చాడా? ఇంకా రాలేదా?" నాలుగోసారికి దియెప్ ఫోను జేబులో కుక్కేసింది.

నిచ్చెన పాదం దగ్గర పీటమీద పళ్ళెం. ఉడికించిన పుంజు, జిగురన్నం, పళ్ళు, తమలపాకులు, వక్కలు. దాని ముందు అత్తయ్య, నీలం పట్టు పొడుగు చొక్కా తొడుక్కుని, చేతిలో వెలిగించని ధూపపు పుల్లలతో నిలబడి ఉంది. రాత్రి నుంచీ కోడలితో ఒక్క మాట మాట్లాడలేదు.

కూలీలు పైన వరసగా నిలబడ్డారు. మిక్సరు తిరుగుతోంది. ఆగ్నేయాన మబ్బు కమ్ముతోంది.

"వేళైంది" అన్నాడు లోయి. "పొయ్యమంటారా, వద్దంటారా?"

దియెప్ అత్తయ్యకేసి చూసింది. అత్తయ్య ఏటికేసి చూస్తోంది. ఆ మొహంలో నిన్నటి ధీమా లేదు. ఓడిపోయిన మనిషి మొహమది. చూస్తే దియెప్‌కి కోపం పోయింది.

పొయ్యమనేద్దామా? ధూపం లేదు, మనిషి లేడు, పోతే పోనీ, కప్పు పడుతుంది. కానీ ఆ కప్పు కింద అత్తయ్య ఒక్క రాత్రి కూడా పడుకోదు. మరి ఎవరి కోసం కట్టినట్టు?

అప్పుడు గమనించింది. అవతలి ఒడ్డున చప్పుడు లేదు.

ఇదే వేళకి అక్కడ కూడా మిక్సరు తిరుగుతుండాలి. సెంట్రింగ్ మీద మనుషులుండాలి. అక్కడి కూలీలేమో వెదురు నీడన చతికిలబడి సిగరెట్లు కాలుస్తున్నారు.

"అక్కడేమైంది మేస్త్రీ?"

లోయి తల గోక్కున్నాడు. "ఇందాకే ఆ ఒడ్డు మేస్త్రీ ఫోన్ చేసి తిట్టుకున్నాడమ్మా. ఆవిడ ఇవాళ పొయ్యొద్దందట. పొద్దున్నే ఉత్తుత్తి బేరం ఆడేసి, సగం కట్టిన ఇల్లు తిరిగి తీసేసుకుని, బాన్ గారి వయసు బాన్ గారికి ఇచ్చేసిందట. ఇంకో ఏడు ఇంకో మనిషిని చూసుకుంటానందట. 'ఆ ఒడ్డున పెద్దావిడ నీళ్ళలో మనిషిని పోగొట్టుకుంది, ముందు ఆవిడ కప్పు పడనీయండి' అందట. పిచ్చిది! ఈ వానలకి ఆ ఇల్లు ఏమవుతుందో!"

అత్తయ్య చేతిలో ధూపపు పుల్లలు జారాయి. రెండు కింద పడ్డాయి. ఆవిడ తీసుకోలేదు.

ఏటిమీద ఇంజను చప్పుడు వినిపించింది. బాన్ పడవ నీళ్ళని చీల్చుకుంటూ వస్తోంది. పడవలో ఇద్దరున్నారు. వెనక బాన్, చుక్కాని పట్టుకుని. ముందు ఒకావిడ, శంఖాకారపు టోపీ గాలికి ఎగరకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఒళ్ళో గుడ్డ కప్పిన గిన్నె పట్టుకుని. గిన్నెలోంచి ఆవిరి లేస్తోంది. స్లాబు పోసే కూలీలకి గంజి తెస్తున్నట్టుంది.

పడవ రేవుకి తగిలింది. ముహూర్తం ఇంకా ఉంది, కానీ జారిపోతోంది. బాన్ దిగాడు, తాడు కట్టాడు, వదిన మొహం చూడలేక తలొంచుకుని నిలబడ్డాడు. సిమ్ మాత్రం దిగలేదు. పిలవనిదే పరాయి రేవులో ఎలా అడుగు పెడుతుంది? గిన్నె పట్టుకుని పడవలోనే కూచుని, పైకి చూస్తోంది.

అందరూ అత్తయ్యకేసి చూశారు. పైన కూలీలు, కింద మేస్త్రీ, రేవులో ఆ ఇద్దరూ.

అత్తయ్య నోరు తెరిచింది, మూసుకుంది. మళ్ళీ తెరిచింది. ఆ ఏటిగట్టున వరస తెలియకుండా మనిషిని పిలవడానికి మాటే లేదు. కోడలి మోచెయ్యి గట్టిగా పట్టుకుని, రాత్రి నుంచి మొదటిసారి మాట్లాడింది.

"దియెప్... ఆవిణ్ణి నేను ఏమని పిలవాలే?"